పోలయ్య వేయని వేలిముద్ర

1964వ సంవత్సరం. నెల్లూరు జిల్లా కోటకు తూర్పున సముద్రపు ఒడ్డునున్న ఒక పడవల షెడ్డులో నేను మెకానిక్‌ని. మాది కోవూరు. వరిపొలాల మధ్య పుట్టినవాణ్ణి, పాతికేళ్ళు వచ్చేదాకా సముద్రంలో కాలు తడవలేదు. నెల్లూరులో ఆయిల్ ఇంజన్ల పని నేర్చుకొని, నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేస్తూ ఉండగా ఈ షెడ్డులో ఉద్యోగం దొరికింది. అప్పుడే మా తీరానికి మరపడవలు వస్తున్నాయి. కొయ్య పడవలో డీజిల్ ఇంజన్ దించడం, షాఫ్ట్‌ను, ప్రొపెల్లర్‌ను, అంటే ఇరుసునూ నీళ్ళలో తిరిగే రెక్కనూ, సరిగా కూర్చడం మా పని. చివరగా డ్రైవరు గదిలో కంపాస్, అంటే ఉత్తరం చూపే ముల్లున్న దిక్సూచి, బిగించి, "కంపాస్ సరిగా ఉన్నది" అని ఒక కాగితం మీద సంతకం చేసేవాణ్ణి. ఆ సంతకం అంటే నాకు చాలా గర్వం.

మా షెడ్డు నుంచి ఆరు పడవలు వెళ్ళాయి. ఒక్కొక్క పడవను అక్కడి జాలర్ల పాళెంలోని నలుగురైదుగురికి కలిపి ఇచ్చేవారు. ఆరో పడవ పోలయ్య బృందానికి దక్కింది. పోలయ్యకు అప్పటికి యాభై అయిదేళ్ళు ఉంటాయి. తెప్ప మీద పుట్టి పెరిగిన మనిషి. చదువు లేదు. ఇంజన్ నడపడానికి శిక్షణ పొందిన డ్రైవరు ఒకడు ఆ పడవలో తప్పనిసరిగా ఉండాలని నిబంధన. అలా వచ్చినవాడు రాఘవులు. ముప్పై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు, కాగితం మీద ఏముంటే అది చేసే రకం.

ఫిబ్రవరి మొదట్లో, ఒడ్డంతా మంచు కమ్మిన ఒక రాత్రి, ఆ పడవ దుగరాజపట్నం ముందరి ఇసుక మెట్ట ఎక్కింది. ప్రొపెల్లర్ విరిగింది, షాఫ్ట్ వంగింది. నలుగురు మనుషులు ప్రాణాలతో తిరిగి వచ్చారు. వచ్చింది ఇంజన్ మీద కాదు. పోటు వచ్చి పడవ తేలాక పోలయ్య తెరచాప ఎత్తి, చుక్కాని తాను పట్టుకొని, తెల్లవారేసరికి మా రేవుకు తెచ్చాడు.

నాలుగు రోజుల తరువాత విచారణ అన్నారు. విచారణ అంటే పెద్దగా ఏమీ లేదు. షెడ్డులో ఒక బల్ల, దాని వెనక మా మేనేజరు, ముందు పోలయ్య, పక్కన రాఘవులు, గోడకానుకొని నేను. పోలయ్య భార్య నాగమ్మ గుమ్మం బయట నిలబడి ఉంది. మేనేజరు ముందే రాయించి ఉంచిన కాగితం చదివాడు. డ్రైవరు కంపాస్ ప్రకారం పడమటికి నడుపుతుండగా పోలయ్య మాట వినక, చుక్కలను చూసి దిక్కు చెబుతానంటూ చుక్కాని లాక్కొన్నాడని, అందువల్ల పడవ మెట్ట ఎక్కిందని దాని సారాంశం. రాఘవులు అప్పటికే సంతకం చేసి తల వంచుకొని కూర్చున్నాడు. పోలయ్య వేలిముద్ర వేస్తే పని అయిపోతుంది. పడవ వేరే వాళ్ళకు పోతుంది. బృందంలోని కుటుంబాలన్నీ మళ్ళీ తెప్పల మీదికి దిగాలి. అంతకన్నా పెద్ద దెబ్బ, నలుగురిని చావు అంచుకు తీసుకెళ్ళిన మనిషని పాళెమంతా అతన్ని అంటుంది.

మేనేజరు ఇంకు డబ్బా ముందుకు జరిపాడు.

పోలయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ముద్ర ఎయ్యను సామీ," అన్నాడు.

"ఎందుకు వెయ్యవు?"

"అది జరిగింది కాదు గనక. మెట్ట ఎక్కిందాకా చుక్కాని రాఘవులు చేతిలోనే ఉండాది. నేను చెప్తానే ఉండా. కావడి చుక్కలు దిగేది పడమర. మన పడవ ముక్కు దానికి ఎడమ పక్కకి పోతాండాది, ఇట్టా పోతే మెట్టలు తగలతాయి అని మూడు తూర్లు చెప్పినా. ఆయన ముల్లు చూపించినాడు. ముల్లు పడమర అంటాండాది, నువ్వు నోరు మూసుకో అన్నాడు."

ఆకాశంలో వరుసగా కనబడే మూడు చుక్కలను మా జాలర్లు కావడి అంటారు. అవి తూర్పున పొడిచి సరిగ్గా పడమట దిగుతాయి. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది ఒకటే, ఆ ముల్లు నేను బిగించింది.

"పోలయ్యా, ముల్లు అబద్ధం చెప్పదు," అన్నాను కోపంగా. "రేవులో నా కళ్ళతో చూసి బిగించాను. మంచులోనో నిద్రలోనో నీకే చుక్కలు తారుమారై ఉంటాయి."

అతను నా వైపు తిరిగాడు. "ఒడ్డు మీద మంచుండాది గాని నెత్తిన మంచు లేదు మేస్త్రీ. నలభై ఏళ్ళుగా ఆ చుక్కలు నన్ను ఇంటికి తెస్తుండాయి. నీ ముల్లు ఎన్ని తూర్లు తెచ్చింది? పడవ బాగు చెయ్యి. చీకటి రాత్రి చూసి నాతో రా. నా మాట తప్పైతే పది వేళ్ళూ ముద్ర ఏస్తా."

బయటి నుంచి నాగమ్మ అందుకుంది. "అప్పటిదాకా ఆయన్ని ముద్ర అడగబాకండి. అడిగితే ఈడనే కూసుంటా, లెయ్యను."

మేనేజరు నవ్వి, "వెళ్ళిరావయ్యా, వెళ్ళి చూసి కంపాస్ బాగుందని రాసివ్వు. ఈ గొడవ వదుల్తుంది," అని నాతో అన్నాడు. సముద్రం ఆయనకు పడదు. నేను ఒప్పుకున్నాను. పోలయ్య కోసం కాదు, నా సంతకం కోసం.

మూడు వారాలకు పడవ తయారైంది. అమావాస్య దగ్గర ఒక రాత్రి పోలయ్య, రాఘవులు, నేను బయలుదేరాం. ఒడ్డు దీపాలు కనుమరుగయ్యేదాకా పోయాక రాఘవులు ఇంజన్ తగ్గించాడు. చుట్టూ నలుపు. ఆకాశంలో మాత్రం అంత వెలుతురు నేను ఏనాడూ చూడలేదు. పొలంలో రాత్రిళ్ళు నీళ్ళు కట్టినవాణ్ణే గాని, తల ఎత్తి దిక్కు వెతుక్కునే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

"కావడి దిగిపోయింది," అన్నాడు పోలయ్య. "పోతే పోయింది, ఒక్కటే ఉండాదా ఏంది. అదో, మంచం చూడు."

ఉత్తరాన ఎత్తులో నాలుగు చుక్కలు మంచం కోళ్ళలాగా, దాని వెనుక తోకలాగా మూడు. మనం సప్తర్షులనేవి అవే. మంచానికి తోక లేని వైపు రెండు కోళ్ళు కలిపి గీత కిందికి లాగమన్నాడు. వేలితో లాగాను. నీళ్ళకు ఒక జానెడు పైన, మసకగా, ఒంటరిగా ఒక చుక్క తగిలింది.

"అది కదలదు. రేతిరంతా కూసో, అది ఆడనే ఉంటాది. ధ్రువుడు. ఇప్పుడు నీ వీపు దానికి పెట్టు."

తిరిగాను. దక్షిణాన దాదాపు అంతే ఎత్తులో నాలుగు చుక్కలు, నిలువుగా నిలబెట్టిన గాలిపటంలాగా ఉన్నాయి. పెద్దలు త్రిశంకువు అనేది దాన్నే. అది నిటారుగా నిలబడినప్పుడు దాని కింద దక్షిణమని, పక్కకు వాలి ఉంటే నమ్మకూడదని చెప్పాడు. ఆ వేళ అది నిటారుగానే ఉంది. ఒక చెయ్యి ధ్రువుడి వైపు, మరో చెయ్యి త్రిశంకువు వైపు చాపి అతను పడవ మధ్యలో నిలబడ్డాడు.

"నా ముక్కుకు ఎదురుగా పడమర. రాఘవులూ, పడవ ముక్కు ఇట్టా తిప్పి పట్టుకో."

రాఘవులు తిప్పాడు. నేను లాంతరు పట్టుకొని గదిలోకి వెళ్ళి కంపాస్ చూశాను. పడవ ముక్కు పడమర కాదు, వాయవ్యానికి దగ్గరగా ఉందని అది అంటోంది. ముప్పై అయిదు డిగ్రీల తేడా. ముల్లు చెప్పినట్టు పడమటికి నడిపితే నిజంగా పోయేది నైరుతికి. నైరుతిలోనే మెట్టలున్నాయి.

అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఉత్తరానికి తిప్పు," అన్నాను. పడవ ముక్కు ధ్రువుడికి ఎదురుగా వచ్చింది. ముల్లు ఖచ్చితంగా ఉత్తరం చూపింది. "చూశావా!" అని అరిచాను. పోలయ్య రాఘవులుకు చెయ్యి ఊపాడు. "మళ్ళా పడమరకి తిప్పు." మళ్ళీ అదే తేడా.

రేవులో పడవలు ఎప్పుడూ ఉత్తరం వైపు ముక్కు పెట్టి కట్టి ఉంటాయి. నేను కంపాస్ పరీక్షించింది అక్కడే, ఆ ఒక్క దిక్కులోనే. అది తట్టగానే లాంతరు ముందుకు తీసుకెళ్ళాను. కంపాస్‌కు మూరెడు దూరంలో, పడవ ముక్కు వైపు, ఇనప పనిముట్ల పెట్టె ఉంది. నేనే చేసి, నేనే వెల్డింగ్ పెట్టి, నాలుగు బోల్టులతో బిగించిన పెట్టె. దగ్గరలోని ఇనుము ముల్లును తన వైపు లాగితే దాన్ని డీవియేషన్ అంటారు. పడవ ఉత్తరం చూస్తున్నప్పుడు పెట్టె కూడా ఉత్తరానే ఉంటుంది, లాగినా తేడా తెలియదు. పడమటికి తిరిగితే ముల్లును పడమటికి లాగుతుంది. పుస్తకంలో ఆ మాట చదివాను. చదివి కూడా పెట్టె అక్కడే పెట్టాను, చేతికి అందుబాటులో ఉంటుందని.

స్పానర్ తీసుకొని బోల్టులు విప్పాను. నేనూ రాఘవులూ పెట్టెను మోసుకొని పడవ వెనక చివర పెట్టాం. తిరిగి వచ్చి చూస్తే ముల్లు కదులుతోంది. నెమ్మదిగా తిరిగి, అటూ ఇటూ ఊగి, పోలయ్య చెయ్యి చాపిన ధ్రువుడి వైపు నిలిచింది.

రాఘవులు ఇంజన్ పక్కన కూలబడ్డాడు. "ఆయన మూడు తూర్లు చెప్పినాడన్నా. నాకు భయమేసి సంతకం పెట్టినా," అన్నాడు.

పోలయ్య లాంతరు వెలుతురులో నన్ను చూశాడు. అతను నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వలేదు. "తక్కిన అయిదు పడవల్లో?" అని అడిగాడు.

అన్నిటిలోనూ అదే పెట్టె. అదే చోట. ఒడ్డు దీపాలు కనబడినన్నాళ్ళూ వాటికి ఏమీ కాలేదు. వాటిలో మూడు ఆ రాత్రి సముద్రం మీద ఉన్నాయి.

పొద్దున్నే మేనేజరుకు చెప్పాను. ఆయన తలుపు వేయమన్నాడు. "పెట్టెలు మెల్లగా ఒక్కొక్కటి తీసెయ్. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఆ కాగితం అలాగే ఉండనీ."

"ఉండదండీ. పోలయ్య తప్పు లేదు. తప్పు నాది."

"తప్పు నీదని రాస్తే నీ ఉద్యోగం ఉండదు. షెడ్డు పేరు పోతుంది. రేపు ఈ పడవలు ఎవరు నమ్ముతారు?"

"మెల్లగా తీసేలోపల ఒక పడవ మెట్ట ఎక్కితే? అప్పుడు ఎవరి చేత ముద్ర వేయిస్తారు?"

ఆయన లేచి నిలబడ్డాడు. "నువ్వెవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. ఉద్యోగం పోతే కోవూరులో వరి కోసుకుంటాను. రాయక మానను," అన్నాను.

అంత మాట అంతకు ముందు నేను ఎవరితోనూ అనలేదు. నా కాళ్ళ కింద నేల ఊగుతూనే ఉంది, అది సముద్రం తాలూకుదో, భయం తాలూకుదో చెప్పలేను. ఆ బల్ల మీదే తెల్లకాగితం తీసుకొని రాశాను. ఇనప పెట్టె నేను బిగించాననీ, కంపాస్‌ను ఒక్క దిక్కులోనే పరీక్షించాననీ, పోలయ్య చుక్కలను చూసి చెప్పిన దిక్కు సరైనదనీ, ఆ రాత్రి నలుగురూ బతికింది ఆయన వల్లేననీ రాసి సంతకం చేశాను. రాఘవులు కూడా వచ్చి, దాని కింద తన మొదటి సంతకం తప్పని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని మేనేజరుకు ఇవ్వలేదు. జాలర్ల సంఘం సమావేశంలో అందరి ముందూ నేనే చదివాను.

సమావేశానికి ముందు, కాగితం రాసిన రోజే పోలయ్యా నేనూ స్పానర్లు పట్టుకొని ఒడ్డు వెంట నడిచాం. రేవులో ఉన్న రెండు పడవల పెట్టెలు విప్పేశాం. మిగతా మూడింటి కోసం సాయంత్రం దాకా ఇసుకలో కూర్చున్నాం. ఒక్కొక్కటే వచ్చాయి. మూడోది చీకటి పడే వేళకు కనిపించింది. అప్పుడు పోలయ్య మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసి, "బువ్వ తిన్నావా మేస్త్రీ?" అన్నాడు. ఆ రాత్రి వాళ్ళింట్లో నాగమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టింది. "మా ఆయన మీద అరిసినావు ఆ దినం," అని గుర్తుచేసి మరీ వడ్డించింది.

పడవ పోలయ్య బృందానికే ఉండిపోయింది. రాఘవులు ఆ పడవలోనే కొనసాగాడు. నన్ను నెల తిరక్కుండా పంపించేశారు. మేనేజరు మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు. దానికి నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు.

తరువాత వేరే రేవుల్లో చాలా ఏళ్ళు అదే పని చేశాను. పడవను నడి నీళ్ళలోకి తీసుకెళ్ళి, నాలుగు దిక్కులకూ తిప్పి, పగలు ఒడ్డు గుర్తులతోను, రాత్రి ధ్రువుడితోను సరిచూడకుండా ఏ కంపాస్ కాగితం మీదా సంతకం చేయలేదు. ఆలస్యం చేస్తున్నావని యజమానులు తిట్టారు. తిట్టనీ అనుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు ఇంజన్ గురించి ఏం చెప్పినా చెప్పకపోయినా ఒకటి మాత్రం చెప్పాను. పడవలో ఒక మనిషి ఆకాశం చూసి "దిక్కు తప్పుతున్నాం" అంటే, అతనికి చదువుందా లేదా అని అడగొద్దు. ముందు ఇంజన్ ఆపండి. తల ఎత్తి మీరు కూడా చూడండి.