ముదిరేదాకా ఆగిన కన్ను

కొబ్బరికాయ విషయంలో మా మావయ్యగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్తపేట దగ్గర మా తోటలో కాయలు దింపించే రోజున చెట్టు కింద నిలబడి, తలెత్తి చూసి, ఏ గెల ముదిరిందో ఏది లేతో చెప్పేవారు. చెట్టెక్కినవాళ్ళు ఆయన చూపించిన గెలే కోసేవారు. "లేతకాయ కోస్తే నీళ్ళేనమ్మాయ్, కొబ్బరుండదు. ఆగాలి," అనేవారు నాతో. కాయకి సరే. ఆ మాటే తన కంటికీ పెట్టుకున్నారు, అక్కడొచ్చింది చిక్కు.

పందొమ్మిదివందల తొంభైల చివర్లో ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు మొదలయ్యాయి. అమలాపురంలో కళ్ళ డాక్టరుగారు నాకు అర్థమయ్యేలా చెప్పారు. కంటిపాప వెనకాల చిన్న అద్దం లాంటిది ఉంటుందట. వయసు మీద పడితే అది మసకబారుతుందట. చుక్కల మందులకి పోదు, ఆపరేషన్ చేసి దాన్ని తీసేసి కొత్తది పెట్టాల్సిందే. "ముదిరేదాకా ఆగక్కర్లేదండి," అని కూడా అన్నారు. మావయ్యగారు ఆయ్, ఆయ్ అంటూ బుద్ధిగా విన్నారు. బస్సెక్కగానే, "ఈ కుర్ర డాక్టర్లకి తొందరెక్కువమ్మా. మా అన్నయ్యకి పొర ముదిరాకే తీసేరు," అన్నారు. నిజమే, వాళ్ళన్నయ్యగారి కాలంలో అలాగే ఆగమనేవారు. ఇప్పుడు పద్ధతి మారిందంటే ఈయన ఒప్పుకోరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మా ఆయన కువైట్‌లో ఉండేవారు. ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నగారికి నువ్వే నచ్చజెప్పు" అనేవారు. అక్కడ కూర్చుని చెప్పడం ఎంత తేలికో! ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది నేను. ఆయన మెట్టు దిగుతున్న చప్పుడైతే పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తేదాన్ని. ఎండలో అరుగు మీద కూర్చుంటే, ఎదురుగా వచ్చిన మనిషిని గొంతు వినేదాకా పోల్చుకునేవారు కాదు. లైటు చుట్టూ వలయాలున్నాయనేవారు. ఉతికిన తెల్ల పంచె ఇస్తే, "పసుపెక్కిందేంటమ్మా ఇది," అని నన్నే తప్పుపట్టేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు పొద్దున్నే పేపరు పట్టుకుని నన్ను కేకేశారు. "చూసేవా, కళ్ళజోడు లేకుండా చదివేస్తున్నాను. దానంతటదే నయమైపోతోంది!" ఆ సంతోషం చూసి నేనూ ఒక పూట నమ్మాను. మనసాగక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగితే, శుక్లం పెరిగేటప్పుడు కొందరికి దగ్గరిచూపు కొన్నాళ్ళు అలా బాగుపడినట్టుంటుందని, అది నయమవడం కాదని చెప్పారు. ఇంటికొచ్చి అదే చెప్పాను.

"అయితే ముదురుతోందన్నమాట," అని మరింత సంతోషించారు.

నాకు నెత్తి బాదుకోవాలనిపించింది.

ఆ వేసవి దింపులో ఆయన చూపించిన గెలలన్నీ లేతవి. పెద్దాయన మాట కాదనలేక చెట్టెక్కినవాళ్ళు కోసేశారు. ఒక కాయ కొట్టి చేతికిస్తే, లోపల వేలితో తడిమి చూసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. "కన్ను కొబ్బరికాయ కాదండీ మావయ్యగారూ!" అని అరిచాను. ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు. తల వంచుకుని, "ఈ దింపు కానియ్యమ్మా, చేయించుకుంటాను," అన్నారు.

దింపు పూర్తికాకుండానే కుడికన్ను ఎర్రగా అయిపోయి, తలపోటు, వాంతులు మొదలయ్యాయి. నొప్పి కొన్నాళ్ళుగా ఉందని, పని మధ్యలో నాకు చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఆటోలో అమలాపురం తీసుకెళ్ళాను. దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు. శుక్లం మరీ ముదిరిపోయి కంట్లో ఒత్తిడి పెరిగిందని, లోపలి నరం దెబ్బతిందని డాక్టరుగారన్నారు. ఆపరేషన్ చేస్తే నొప్పి తగ్గుతుంది కానీ, ఆ కంటికి చూపు వస్తుందని ఆశపెట్టుకోవద్దన్నారు. ఆ చివరి మాట మావయ్యగారితో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆపరేషనయి, పట్టీ విప్పాక ఇంటికి తీసుకొచ్చి తూర్పుగదిలో మంచం వేశాను. మర్నాడు పొద్దున కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆయన లేచి కూర్చుని ఉన్నారు. మసకచూపున్న ఎడమకంటిని అరచేత్తో గట్టిగా మూసుకుని, కుడికన్ను కిటికీ వైపు తిప్పారు.

"అమ్మాయ్, కిటికీ తెరిచే ఉందా?"

రెక్కలు బార్లా తెరిచే ఉన్నాయి. ఎండ మంచం మీదకి పడుతోంది. ఏడుపొచ్చింది.

"లేదండి, మూసే ఉంది," అన్నాను.

ఆయన కంటి మీంచి చెయ్యి తియ్యలేదు. కాసేపటికి కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు.

"ఎండ కాళ్ళకి తగులుతోందమ్మా," అన్నారు మెల్లగా. "రెండో కంటికి ఎప్పుడు రమ్మంటారో ఇవాళే కనుక్కో."