పై అరలో ఖెతా

ప్రయాణికులు విమానం ఎక్కకముందు ఎయిర్‌హోస్టెస్ బొంగెకిలే సీట్ల పైనున్న సామాన్ల అరలన్నీ తెరిచి, ఒక్కొక్కదాంట్లో చివరికంటా చెయ్యి పోనిచ్చి తడుముతుంది. తోటివాళ్లు తొంగిచూసి వదిలేస్తారు. "ఏం దొరికిందక్కా, బంగారమా?" అని ఆటపట్టిస్తారు. ఆమె నవ్వదు.

కేప్‌టౌన్ నుంచి డర్బన్ వెళ్లే విమానం జుంగు అనే జులూ తాత ఎక్కిన తర్వాత వచ్చిన అలవాటు అది.

తాత రెండు సీట్లు కొన్నాడు. ఒకటి తనకి, ఒకటి కొడుకు ఖెతాకి. ఖెతా చేపల పడవతో పాటే సముద్రంలో మునిగిపోయాడు. శవం దొరకలేదు. తాత రేవులో నీటి అంచున నిలబడి, రేగుకొమ్మ చాచి కొడుకు ఆత్మని పిలిచి, ఆ కొమ్మ మీద ఊరికి తీసుకెళుతున్నాడు. ఇల్లు చేరేదాకా ఆయన మనుషులతో మాట్లాడకూడదు. ఖెతాతో మాత్రం చెబుతూనే ఉండాలి: ఇవి మెట్లు, ఇది గుమ్మం, తల వంచు. చెప్పకుండా కదిలిస్తే పోయినవాడు అక్కడే ఉండిపోతాడు. మనుషులతో మాట్లాడ్డానికి తాత చెల్లెలు థొకొజిలే వెంట వచ్చింది.

తెల్లగుడ్డ చుట్టిన కొమ్మని సీట్లో చూసి, సిబ్బందికి పెద్దయిన రియాద్ బొంగెకిలేని పక్కకి పిలిచాడు.

"విమానం కుదిపితే ఆ ముళ్లు ఎవరి కంట్లో దిగుతాయో. పైన పెట్టించు."

"దానికి టికెట్టుంది సార్."

"టికెట్టుంది, ఒప్పుకుంటా. బెల్టు కొమ్మని ఆపుతుందా?"

ఆపదని ఆమెకీ తెలుసు. వెళ్లి తాత ముందు మోకాళ్ల మీద కూర్చుని విషయం చెప్పింది.

"మనిషిని బీరువాలో పెడతావా పిల్లా?" అంది థొకొజిలే.

వెనక సీట్లోని లావుపాటాయన, "పెట్టనీ అమ్మా. కాళ్లు చాపుకోడానికి మాకంటే వాడికే ఎక్కువ చోటు" అన్నాడు. థొకొజిలే పెదవి కూడా కాస్త కదిలింది.

తాత గుడ్డ మీద చెయ్యి వేసి, కొడుకుని వంశం పేరుతో పిలిచాడు. "మంజినీ, ఈ అమ్మాయి నిన్ను పైన పడుకోబెడుతోంది. చీకటిగా ఉంటుంది నాయనా. నేను నీ కిందే ఉన్నాను."

బొంగెకిలే కొమ్మని పైకెత్తి పెట్టింది. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

చివర్లో ఒకాయన పరిగెత్తుకొచ్చి, బరువైన పెట్టెని అదే అరలోకి తోసి వెళ్లి కూర్చున్నాడు. మూత పడలేదు. పడని మూత గాల్లో తెరుచుకుంటే పెట్టె ఎవరి తలమీదైనా పడుతుంది. విమానం అప్పటికే కదులుతోంది. పెట్టె కంటే కొమ్మ తేలిక. ఆమె దాన్ని ఒక్క చేత్తో తీసి, రెక్కల వెనక వరుసలో ఖాళీగా ఉన్న అరలో పెట్టి మూసేసింది. తాత కళ్లు మూసుకుని ఉన్నాడు. థొకొజిలే కిటికీలోంచి చూస్తోంది.

డర్బన్‌లో తాత లేచి అర తెరిచాడు. నల్లటి పెట్టె. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బొంగెకిలే వెనకనుంచి కొమ్మ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"కదిపేటప్పుడు వాడికి చెప్పావా?" అంది థొకొజిలే.

"లేదు పెద్దమ్మా."

"మా అన్నకి?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీ పెద్ద, ఆ కేప్‌టౌనాయనైతే మన పద్ధతి తెలియదనుకుందును. నువ్వు మన జులూ పిల్లవే కదమ్మా!" అని, బొంగెకిలే ఫోన్ నంబరు అడిగి తీసుకుంది. తిట్టలేదు.

తాత కొమ్మతో మాట్లాడుతూనే మెట్లు దిగాడు. కానీ ప్రతి మాట తర్వాతా ఆగి, చెవి ఒగ్గి వింటున్నాడు.

అందరూ దిగాక బొంగెకిలే ఆ వెనక అరలో చెయ్యి పెట్టింది. ముల్లు గుచ్చుకుంది. లోపల తడి లేదు, కానీ ఉప్పునీటి వాసన. శుభ్రం చేసేవాళ్లు సబ్బునీళ్లతో తుడిచారు. మర్నాడూ అదే వాసన. విమానం గాల్లో ఉండగా మూత వెనక ఎవరో మెల్లగా ఒత్తిగిలినట్టు వినిపించేది. తెరిస్తే సంచులే.

కొన్నాళ్లకి థొకొజిలే ఫోన్ చేసింది. "మేక కోశాం, అన్నీ చేశాం. అయినా వాడు అన్నకి కలలోకొస్తున్నాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడట. నాన్నా, ఇంకా ఎంతసేపు అంటున్నాడట."

బొంగెకిలే ముల్లు సంగతీ వాసన సంగతీ చెప్పింది.

"ఆ విమానం మళ్లీ ఎప్పుడెళుతుందో కనుక్కో" అంది థొకొజిలే.

తాత మళ్లీ వచ్చాడు. కేప్‌టౌన్ వెళ్లేటప్పుడు తనకి ఒక టికెట్టు, వచ్చేటప్పుడు కొడుకుతో కలిపి రెండు. కేప్‌టౌన్‌లో అందరికంటే ముందు ఎక్కనిచ్చారు. తాత ఆ వెనక అర తెరిచి, కొత్త రేగుకొమ్మ లోపలికంటా చాచాడు. "ఖెతా, లే నాయనా. నాన్నని. మనం తప్పిపోయాం, అంతే."

తర్వాత కొమ్మని తన సీటు పైన అరలో పెట్టనిచ్చాడు. ఈసారి ఎవరో అందులో సంచి దూర్చబోతే రియాదే అందుకుని వేరేచోట సర్దాడు. బొంగెకిలే మూత మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా, "ఖెతా అన్నా, మూస్తున్నాను. డర్బన్‌లో నేనే తెరుస్తాను" అంది. ఎవరూ నవ్వలేదు.

డర్బన్‌లో ఆమే తెరిచింది. తాత ఆమెతో మాట్లాడలేడు. కొమ్మ వైపే చూస్తూ, "మంజినీ, తలుపు తీసిన పిల్లకి వెళ్లొస్తానని చెప్పు" అన్నాడు.

కలలు ఆగాయని థొకొజిలే ఫోన్‌లో చెప్పింది. ఊరికి రమ్మంది, పండక్కోసారి ఇప్పటికీ పిలుస్తుంది. బొంగెకిలే డర్బన్ పక్కనే ఉమ్లాజీలో అక్కతో ఉంటోంది, అదే దారిలో విమానాల్లో పనిచేస్తోంది. పిలిచినప్పుడల్లా చెప్పకుండా కదిపిన సంగతే గుర్తొచ్చి, జుంగు వాళ్ల ఊరు మాత్రం ఇంతవరకూ వెళ్లలేదు.