డాక్టరమ్మ ఇచ్చిన కవరు

స్కానింగ్ డాక్టరమ్మ పోయారు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక ఎవరో చెప్పారట. అమ్మ ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నాకు చెప్పింది. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు దేనికైనా ముందు అలసటే వస్తోంది.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నాలుగు నెలలు నెలసరి రాలేదు. గడ్డం కింద వెంట్రుకలు మొదలయ్యాయి. అమ్మ నన్ను మా దీవుల్లోని రంగత్ ఊరి నుంచి పట్నంలో, డెలానీపూర్‌లో ఉండే ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది. స్కానింగ్‌కి మూత్రసంచి నిండి ఉండాలని విని, బస్సెక్కగానే నా చేత రెండు సీసాలు తాగించింది. దారిలో జారవా ఆదివాసులుండే అడవిలో బళ్ళు వరసగా పోవాలి, మధ్యలో ఆపకూడదు. అడవి దాటి బస్సు ఆగగానే మరుగుదొడ్డికి పరుగెత్తాను. తీరా బల్ల మీద పడుకుంటే తెర మీద ఏమీ సరిగ్గా కనబడలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. తనే గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "రంగత్ వాళ్ళు బస్సులో తాగకూడదు బేటీ, ఇక్కడికొచ్చి తాగాలి" అన్నారు. తర్వాతిసారి వెళ్ళేసరికి గుమ్మం పక్కన నీళ్ళ కూజా ఉంది.

ఆ మొదటి రోజు, నీళ్ళు తాగి రెండోసారి పడుకున్నప్పుడు తెర నా వైపు తిప్పారు. అండాశయం అంచున బొప్పాయి గింజల్లా నల్లటి చుక్కలు. "గడ్డలా మేడమ్?" అంది అమ్మ. కావు, పెరగబోయి మధ్యలో ఆగిపోయిన గుడ్లు అన్నారామె. ఒక్క స్కానింగ్‌తో జబ్బు తేల్చకూడదని రక్తపరీక్ష చేయించి, నెలసరి సంగతీ కలిపి చూశాకే పీసీఓఎస్ అని రాశారు. పిల్లలు పుట్టరని కాదు, మందులున్నాయని రెండుసార్లు చెప్పారు.

అప్పటికి డిగ్లీపూర్‌లో కొట్టున్న వాళ్ళ సంబంధం మాట్లాడుతున్నారు. అమ్మ గొంతు తగ్గించి, "మేడమ్, అంతా టీకే, బాగానే ఉందని రాసీండి" అంది.

"ఉన్నది రాయకపోతే రేపు మందెలా ఇస్తారు దీదీ? ఈ కవరు తనది. ఎవరికి చూపించాలో తనే చూసుకుంటుంది."

కవరు నా చేతికిచ్చారు. నా ఒంటి సంగతి నా చేతికి రావడం అదే మొదటిసారి. పెళ్ళివారికి నేనే చెప్పాను. వాళ్ళు మళ్ళీ రాలేదు. పదకొండేళ్ళుగా అమ్మ ఆ కవరు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఏడాదికోసారి వెళ్తూనే ఉన్నాను. ఆమె జెల్లు అరచేతిలో వెచ్చబెట్టి రాసేవారు. చివరిసారి నాలాగే ఆమె కళ్ళ కిందా నలుపే. ఓపిక లేదన్నాను. "నాకూ ఓపిక లేదు బేటీ, పద చూద్దాం" అన్నారు. ఆ మాట నాకు ఎన్ని ధైర్యపు మాటలకన్నా ఎక్కువ పనిచేసిందో ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆ ఆదివారమే అన్నం తిన్నాక అమ్మ కాసేపు తచ్చాడి, "ఆ కవరుందా?" అంది. తీసిచ్చాను. లోపలి స్కానింగ్ ఫోటో సగం వెలిసిపోయింది. అమ్మ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, "ఏవీ, నాకూ చూపించు" అంది. డాక్టరమ్మ చూపించినట్టే వేలితో ఒక్కో చుక్కా చూపించాను.