సంత ఊరి గొప్పవాళ్ళ మధ్య నా ముఖం

జింజ్ అనే పేటలో ఒక ఇంగ్లీషు ముసలామె ఇంట్లో నేను వంటకీ ఇంటిపనికీ ఉండేదాన్ని. ఆమె భర్త బహ్రెయిన్‌లో ఇంజనీరుగా చేసి, రిటైరై, ఇక్కడే పోయాడు. పిల్లలు లేరు. ఆయన పోయాక కూడా ఆమె తన దేశం వెళ్ళిపోలేదు. అక్కడి చలికి తన కీళ్ళు తట్టుకోవని చెప్పేది. మనసు మాత్రం ఎప్పుడూ అక్కడే. ఆమె పుట్టింది ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో. మా రాజోలు వైపు సంత జరిగినట్టే అక్కడా వారానికోసారి నడిబజార్లో సంత జరుగుతుందట. ఆ సంత వల్లనే ఆ ఊరికి పేరు.

ఆ ఊళ్ళో పుట్టిన గొప్పవాళ్ళ బొమ్మలు వేసి టౌన్‌హాలుకి ఇవ్వాలని మేడమ్ పని పెట్టుకుంది. వెనక గదంతా రంగుల వాసనే. ఒకడు గడియారాలు చేసినవాడు, అతని గడియారం రాజుగారి ఇంటికి వెళ్ళిందట. ఒకడు గుడ్డి పాస్టరు, బైబిలంతా నోటికొచ్చినవాడు. ఒకడు ఓడలమీద తిరిగినవాడు. పాత పుస్తకాల్లో వాళ్ళ బొమ్మలున్నాయి, వాటిని చూసి వేసేది. నేను కూరగాయలు తరుగుతుంటే వంటింట్లో కుర్చీ వేసుకుని వాళ్ళ కథలు చెప్పేది. నాకు అప్పటికి ఇంగ్లీషు కొంచెం కొంచెం పట్టుబడుతోంది. ఆ కథలతోనే మిగతాది కూడా వచ్చింది. మా తాత పేరు తప్ప ఆయన తండ్రి పేరు నాకు తెలియదు. గడియారాలవాడి మూడో భార్య ఏ జబ్బుతో పోయిందో మాత్రం తెలుసు.

ఆ గొప్పవాళ్ళలో ఒకామె పనిమనిషి. ఎప్పుడో ఊరికి మహమ్మారి వచ్చినప్పుడు డబ్బున్నవాళ్ళంతా బళ్ళు కట్టుకుని పారిపోయారు. ఆమె యజమానులు కూడా ఇంటికి కాపలాగా ఆమెను వదిలేసి వెళ్ళారు. ఆమె ఆ ఇంటి గాదె తెరిచి, గింజలు తీసి, జావ కాచి, జబ్బుపడ్డవాళ్ళ గుమ్మాల ముందు పెట్టి వచ్చేది. చివరికి ఆ జబ్బుతోనే పోయింది. ఆ కాలంలో పనిమనిషికి బొమ్మ ఎవరు వేస్తారు? అందుకని ఆమె ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం మేడమ్ నా ముఖంలోకి చూస్తూ అడిగింది. "ఆమె కోసం నువ్వు నిలబడతావా?"

నేనెందుకని అడిగాను. నీ చేతులు పనిచేసిన చేతులు, నీ ముఖంలో ఓర్పు ఉంది, ఫొటోల్లో ఎంత వెతికినా మా ఊరివాళ్ళ ముఖాల్లో నాకది దొరకలేదు అంది. నాకు సిగ్గు వేసింది. సంతోషం కూడా వేసింది, ఎందుకు దాచాలి?

తలకు తెల్లటి గుడ్డ కట్టి, చేతుల్లో మట్టిపాత్ర పెట్టింది. భోజనాల తర్వాత రోజూ అలా నిలబడేదాన్ని. నడుం పీకేది. ఆ తర్వాత రాత్రి వంట మామూలే, దానికేం మినహాయింపు లేదు. అయినా వెళ్ళి నిలబడేదాన్ని. అంతసేపు, అంత శ్రద్ధగా నా ముఖంలోకి ఎవరూ చూడలేదు.

బొమ్మ అయ్యాక చూస్తే అది నేనే. నా రంగే, నా కళ్ళే. బుగ్గమీద చిన్నప్పటి అమ్మవారి మచ్చ కూడా వదల్లేదు. ఫొటో తీసి మా చెల్లెలికి పంపించాను. అది వీధిలో అందరికీ చూపించింది. "అక్కా, ఇంగ్లండు దొరల గోడమీద మన మొహమంటే మాటలా! గుళ్ళో అమ్మోరిలా ఉన్నావే," అంది. మేడమ్ కారు నడిపే అన్న జగిత్యాల వైపువాడు. ఆయనా వచ్చి చాలాసేపు చూశాడు. "గల్ఫుకొచ్చి ఇన్నేండ్లాయె చెల్లె. మనోళ్ళ మొఖం గోడకెక్కుడు ఇదే సూసుడు," అన్నాడు.

సఖీర్‌లో కారు పందేలు చూడటానికి మేడమ్ ఊరి టౌన్‌హాలు కమిటీ పెద్ద ఒకాయన వచ్చాడు. మేడమ్ ఆయన్ని టీకి పిలిచింది. ఒక్కో బొమ్మ ముందూ ఆగి మెచ్చుకున్నాడు. నా బొమ్మ దగ్గరికి వచ్చాడు. అప్పుడే నేను టీ ట్రేతో లోపలికి వచ్చాను. ఆయన బొమ్మను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడేమో, గొంతు తగ్గించి మాట్లాడాడు కానీ మాట ఆపలేదు.

చాలా బాగుంది, కానీ ఈమె మన ఊరి మనిషి కదా, జనం అడుగుతారు అన్నాడు.

"ఆమె ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కదా," అంది మేడమ్.

"ఎలా ఉండేదో తెలియదు. ఇలా ఉండేది కాదని మాత్రం తెలుసు," అన్నాడాయన.

నేను చక్కెర ఎంత వెయ్యాలని అడిగాను. చాలా మర్యాదగా చెప్పి, థాంక్స్ కూడా చెప్పాడు. నేను మేడమ్ వైపు చూశాను. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఆలోచిస్తానని మాత్రం అంది.

మర్నాటి నుంచి ఆ గది నేను తుడవక్కర్లేదని చెప్పి తలుపు వేసుకునేది. కొన్నాళ్ళకి ఖాళీ కప్పులు తీసుకెళ్ళమని లోపలి నుంచే పిలిస్తే వెళ్ళాను. తలగుడ్డ అలాగే ఉంది. పాత్ర అలాగే ఉంది. ముఖం ఉండాల్సిన చోట గీకేసిన బూడిదరంగు మరక ఉంది. పక్కన బల్లమీద ఒక పాత ఫొటో, మేడమ్ పిన్నిదట. గులాబీరంగు బుగ్గలు, నీలం కళ్ళు. చేతులకు అప్పటికే తెల్లరంగు పూసేసింది. వేళ్ళ కణుపులు మాత్రం నావే.

నేను కదలకుండా నిలబడ్డం చూసి మేడమ్ అంది, "ఇది నిన్ను కాదనడం కాదు. అర్థం చేసుకో."

సరే మేడమ్ అన్నాను. ఇంకేమంటాను? రాత్రికి చేప ఉందా అని అడిగింది. ఉందన్నాను. వెళ్ళి చేప వేయించాను.

సామాన్లకి వెళ్ళినప్పుడు కారులో అన్నకి చెప్పాను. బాధపడొద్దన్నాడు. "బొమ్మ ఆమెది, గోడ వాళ్ళది. అండ్ల మనదేమున్నది చెల్లె?" ఆ మాట నిజమే కనక ఆయనమీద కూడా కోపం వచ్చింది.

టౌన్‌హాల్లో బొమ్మలు పెట్టిన రోజు మేడమ్ నన్ను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెరమీద అందరూ కోట్లు వేసుకుని నిలబడ్డారు. టీ తాగి వెళ్ళిన ఆ పెద్దాయనే మాట్లాడాడు. పెద్దలంతా పారిపోయిన రోజు ఒక పనిమనిషి ఊరిని కాపాడిందనీ, ఇన్నాళ్ళూ ఆమెను మరిచిపోవడం ఊరి తప్పనీ, ఇవాళ ఆమెకు ఒక ముఖం దొరికిందనీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. నా చెయ్యి పట్టుకుని, చూశావా అంది. చూశానన్నాను.

తర్వాతి వారమే ఇంకో బొమ్మ మొదలుపెట్టింది. తూర్పు దేశాలకు పోయి సంపాదించిన ఉన్ని వ్యాపారిది. అతని వెనకాల రేవులో గంపలు మోసే ఆడవాళ్ళ గుంపు ఉంటుందట. అక్కడ నువ్వు సరిగ్గా సరిపోతావు అంది.

"నా వల్ల కాదు మేడమ్," అన్నాను. ఆ ఇంట్లో నేను కాదన్న మాట అదొక్కటే.

మోకాళ్ళు నొప్పా అని అడిగింది. కాదన్నాను. మరి ఎందుకని అడిగింది.

"ఆ గుంపులో నన్ను పెట్టకండి."

ఆమెకు అర్థం కాలేదో, అయినా కానట్టు ఉందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి వంటింట్లో కుర్చీ వేసుకుని కథలు చెప్పడం మానేసింది. ఇక్కడ ఉండటానికిచ్చే అకామా గడువు తీరే వేళకి నేను ముహర్రక్‌లో పనికి వేరే ఇల్లు చూసుకున్నాను. వెళ్ళేటప్పుడు మంచి మాటలే చెప్పింది. నేనూ చెప్పాను.

మా చెల్లెలు మాత్రం బొమ్మ సంగతి అడుగుతూనే ఉండేది. వీధిలోవాళ్ళు అడుగుతున్నారక్కా, ఆ హాల్లో పెట్టారా లేదా అని. కొన్నాళ్ళు మాట మార్చాను. ఒక శుక్రవారం ఇక మార్చలేకపోయాను.

"పెట్టారే. నా మొహం తీసేసి పెట్టారు."

అది నన్ను ఓదారుస్తున్నాననుకునే అంది పాపం, "పోన్లే అక్కా. పన్లోంచి తియ్యలేదు కదా."

ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలా రోజులు దానికి ఫోన్ చెయ్యలేదు.