నాలుగో కుండ మీద తీగ

నా పెళ్లి ఫంక్షన్ హాల్లో జరగకూడదని పంతం పట్టింది నేనే. ఉప్పల్లో ఏ హాల్‌కి వెళ్లినా అవే ప్లాస్టిక్ పూలు, అవే సింహాసనాల్లాంటి కుర్చీలు. నాకు మా నాయనమ్మకు జరిగినటువంటి పెళ్లి కావాలి. పచ్చని పందిరి, మేమే కుట్టిన మోదుగాకు విస్తర్లు, చేత్తో రాసి మూలలకు పసుపు అద్దిన పత్రికలు. మేడిపల్లి అవతల మేనమామకు చిన్న మామిడితోట ఉంది కాబట్టి చోటు వెతుక్కోనక్కర్లేదు. నాచారంలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి ఇంటికొచ్చిన బాపు, ఆకుల మధ్య కాలు పెట్టే సందు లేక గుమ్మంలోనే నిలబడి, ఇది పెళ్లా అంగడా అని అడిగేవాడు. నేను నవ్వేదాన్ని. అప్పటికింకా నవ్వే స్థితిలోనే ఉన్నాను.

మా వైపు పెళ్లికి ఐరేని కుండలు ఉండాలి. రంగులేసిన కొత్త కుండలు ఐదు పెళ్లి నాడు డప్పులతో పందిట్లోకి తెచ్చి, దీపం పెట్టి మొక్కుతారు. ముందుగా తెచ్చి ఇంట్లో పెట్టుకోరు. వాటిలో ఒకటి పగిలితే పెళ్లికొడుక్కి కీడంటారు. ఇదంతా నాయనమ్మ చెప్పింది, నేను వింటేనా? బొమ్మలు నా చేత్తోనే వేయాలన్న పిచ్చి కదా, పది రోజుల ముందే ఉప్పల్ నుంచి ఆటోలో తెచ్చేశాను. తెస్తే తెచ్చినవు గని జర పైలం, అని ఊరుకుంది ఆమె.

ఎర్రటి జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టి, మేడ మీద ఆరబెట్టాను. తాడు మీది తడి దుప్పటి గాలికి ఎగిరి కొట్టినట్టుంది, నేను వెళ్లేసరికి ఒక కుండ దొర్లి నీళ్ల ట్యాంకుకు ఆనుకుని ఉంది. అంచు నుంచి నడుము దాకా వెంట్రుక మందాన పగులు. నా కాళ్లు చల్లబడ్డాయి.

మర్నాడు ఉప్పల్ పరిగెత్తితే కుమ్మరాయన ఇంటికి తాళం వేసి ఉంది. ఊరెళ్లాడట, పదిహేను రోజులకు గానీ రాడట. ఇంకోచోట దొరికినవి అయితే లోటాలంత చిన్నవి, లేకుంటే నీళ్ల గోలేలంత పెద్దవి, మా నాలుగింటి పక్కన నిలబెడితే ఇట్టే పట్టుబడతాయి.

పట్టుకునేది ఎవరో కూడా నాకు తెలుసు, కాబోయే అత్తమ్మ. ఆమె కొడుకూ నేనూ ఒకే ఆఫీసులో రెండేళ్లు పనిచేసి ఇష్టపడ్డాం. అంతకుముందు ఆయనకు కుదిరిన సంబంధాన్ని, మాటల నాడు దీపం ఆరిపోయిందని అత్తమ్మ వదిలేసిందట. కొడుకు విషయంలో ఆమెకు అంత భయం. పగిలిన కుండ చూస్తే పీటల మీంచి కూడా కొడుకుని లేపుకుపోతుంది.

అందుకని పగుల్లో సున్నం ముద్ద కూరి, ఆరాక దాని మీదుగా ఆకులతో తీగ గీశాను. ఇంటికొచ్చినవాళ్లందరికీ ఆ తీగే నచ్చింది. ఎవరు దాన్ని మెచ్చుకున్నా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాట మార్చేదాన్ని.

మొదట పెళ్లి ఆగిపోతుందని భయపడ్డాను. తర్వాత భయం ఆయన మీదికి మళ్లింది. ఆయన మల్కాజిగిరి నుంచి రోజూ బైక్ మీద ఆఫీసుకి వచ్చేవాడు. బందులు, ఊరేగింపులు జోరుగా ఉన్న రోజులు. ఇల్లు చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వమనేదాన్ని, పది నిమిషాలు ఆలస్యమైతే అన్నం సహించేది కాదు. శకునాలు లేవూ గికునాలు లేవూ అని ఆఫీసులో అందరితో వాదించిన నాకు, ఏ అంబులెన్సు కూత విన్నా తీగ గీసిన కుండే గుర్తొచ్చేది. ఎవరికీ చెప్పలేదు.

పెళ్లి నాడు డప్పులు ఆగాక కుండల్ని పందిట్లో వరసగా దించారు. తీగ గీసినది నాలుగోది. అత్తమ్మ దగ్గరికొచ్చి, అన్నీ మంచిగున్నయా, ఎవరన్నా సూసిన్రా, అని అడిగింది. నాయనమ్మ రెండు కళ్లకూ శుక్లాలు. నేను కొట్టి సూస్త, అని ఆమే అత్తమ్మకు వీపు పెట్టి కుండల ముందు చతికిలబడింది.

పగిలిన కుండ బొంగురుగా పలుకుతుందని సంతలో కుండ కొన్న ఎవరికైనా తెలుసు. కంటికి కనపడకుండా దాచాను గానీ చప్పుడు సంగతే మరిచిపోయాను.

ఎడమ చెయ్యి కుండ మీద ఆనించి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టింది. ఖణ్. రెండోది ఖణ్. మూడోది ఖణ్. ఎడమ చెయ్యి నాలుగో కుండ మీదికి వెళ్లింది. వేళ్లు తీగ వెంట కిందికి నడిచి, ఒకచోట ఆగాయి. ఆమె ఎడమ చేతిని అక్కడే ఉంచి, కుడిచేత్తో ఐదో కుండను కొట్టింది. ఆగి, మళ్లీ దాన్నే కొట్టింది.

అత్తమ్మ ఐదు చప్పుళ్లు లెక్కపెట్టుకుని, మంచిగున్నయి అని వెళ్లిపోయింది.

నాకు బాసింగం కడుతూ నాయనమ్మ చెవి దగ్గరగా వంగింది. "తీగ మస్తుగేసినవు బిడ్డా. ఇగ ఆ బుగులు నాకిచ్చేసి, నువ్వు పోయి పీటల మీద కూసో."

ఇచ్చేశాను. ఆ క్షణం నుంచి నాకు భయం వెయ్యలేదు, ఎందుకు వెయ్యడం లేదని కూడా ఆలోచించలేదు.

మేం మల్కాజిగిరిలో కాపురం పెట్టాక రోజూ పొద్దుగూకే వేళకు నాయనమ్మ ఫోన్ చేసేది. పలకరింపులేమీ ఉండవు. "పిలగాడు ఇల్లు జేరిండా?" అంతే. చేరాడంటే పెట్టేసేది. ఇంకా రాలేదంటే కాసేపటికి మళ్లీ చేసేది. ఒక్కోసారి విసుక్కున్నాను కూడా. నీకింత ఫికరెందుకే అని కసిరితే, ఉంటది తియ్, అనేది.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆమె పోయింది. దినాలన్నీ అయి మల్కాజిగిరికి తిరిగొచ్చిన రెండో రోజు, సాయంత్రం ఆరు దాటినా ఆయన రాలేదు. వంటింట్లో బియ్యం కడుగుతూ, ఇప్పుడు ఫోన్ మోగుతుంది, ఏం చెప్పాలా అనుకున్నాను. మోగలేదు. అప్పుడు మళ్లీ నా కాళ్లు చల్లబడ్డాయి.