ఎండ ఫుకట్, పలక పిరం

ఆ రోజుల్లో మా జహనుమా బస్తీలో కరెంటంటే చుట్టం లాంటిది. వస్తే సంతోషం, పోతే ఎందుకు పోయావని అడిగే హక్కు మనకు లేదు. ఎనభైల మొదట్లో మాట. సరిగ్గా అన్నం కలుపుకునే వేళకు పోయేది, ముద్ద చీకట్లోనే నోటికి దారి వెతుక్కునేది. మాకు అలవాటైపోయింది. అదే నా పెళ్లికి అడ్డం పడుతుందని మాత్రం ఎవరనుకున్నారు?

అప్పుడు నేను ఒక సర్కారు కార్ఖానాలో కొత్తగా చేరిన ఫిట్టర్‌ని. మా బాపు బేగంబజార్‌లో ఒక సేటు గిన్నెల దుకాణంలో గుమాస్తా. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే ఒక గార్డు గారి అమ్మాయిని చూడటానికి వెళ్లాం. గాభరాలో నేను బిస్కెట్టు అదే పనిగా చాయ్‌లో ముంచితే అది కాస్తా విరిగి కప్పు అడుగుకు పోయింది. ట్రే పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయి, "ఇంకోటి తీసుకోండ్రి, గిది గట్టిగున్నది" అంది మెల్లగా, నవ్వు ఆపుకుంటూ. అంతే, నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని బస్సెక్కకముందే తీర్మానించుకున్నాను. (మా ఇంటావిడకు ఈ సంగతి తెలుసు. అందుకే మా ఇంట్లోకి బిస్కెట్లు రావు.)

మరుసటి ఆదివారం సాయంత్రం గార్డు గారు మా ఇల్లు చూడటానికి వచ్చారు. లడ్డూ నోట్లో పెట్టుకున్నారో లేదో, కరెంటు పోయింది. అమ్మ కందిలి వెలిగించేలోపు ఆయన పీట తన్నుకుని, "మా పిల్ల క్వార్టర్లల పెరిగింది. చీకటంటే మస్తు భయపడ్తది" అన్నారు కాలు రుద్దుకుంటూ. మా బాపుకి ఒక గుణం ఉంది. గిన్నెకు సొట్ట ఉందని దుకాణానికొచ్చిన గిరాకీ అంటే చాలు, ఆయన నోరు ఆయన్ని అడక్కుండానే జవాబు చెప్పేస్తుంది. "ఫికర్ జెయ్యకుండ్రి గార్డ్ సాబ్. పెండ్లి నాటికి మిద్దె మీద సోలార్ పలకలు పెట్టిస్తున్నం. ఎండతోటే దీపాలు, ఎండతోటే పంకలు. ఈ కరెంటు ఎవనిక్కావాలె?" అనేశాడు. మా కార్ఖానా క్యాంటీన్ మిద్దె మీద నమూనాకని ఒక పలక పెట్టి కింద ఒక బల్బు వెలిగిస్తున్నారని ఇంట్లో గొప్పగా చెప్పింది నేనే మరి. గార్డు గారు చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ, "మంచిది. అవి పెట్టినంకనే ముహూర్తం మాట్లాడుకుందాం" అన్నారు.

ధరెంతో ఎవరికీ తెలియదు. ఖైరతాబాద్‌లో ఒక ఆఫీసులో చెప్తారంటే సెలవు పెట్టి బాపుని వెంటేసుకుని వెళ్లాను. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, ఇంటికి సరిపడా పలకలకు ఎంతవుతుందో చెప్పాడు. నా చెవులు గింగురుమన్నాయి. ఆ డబ్బుతో మా దగ్గర స్థలమే కొనుక్కోవచ్చు. బాపు మాత్రం చలించకుండా, "తూకమెంత సార్?" అన్నాడు.

బేగంబజార్‌లో గిన్నె అందాన్ని ఎవరూ కొనరు. కాటా మీద పెట్టి, తూకానికి కొంటారు. ధరున్న ప్రతిదానికీ తూకముంటుందని బాపు నమ్మకం. ఆఫీసరు అయోమయంగా మూలనున్న నమూనా పలక తెచ్చి చేతికిచ్చాడు. బాపు దాన్ని పైకీ కిందికీ ఆడించి చూసి, "గాజు గింత, అల్మినం గింత. గీ నల్ల బిళ్లలు కలుపుకున్నా గంత ధర యాడ పడ్తది?" అన్నాడు.

"అది సిలికాన్ అండీ. ఇసుకలోంచే తీస్తారు. దాన్ని శుద్ధి చేయడానికే అంత ఖర్చు."

"ఇసుకనా! పురానాపూల్ కింద మూసీల ఎవ్వడైన ఎత్కపోతడు గద సార్!"

ఆఫీసరు ఓపిగ్గా నీళ్లు తాగి, రాత్రి దీపం కావాలంటే పగటి కరెంటును బ్యాటరీలో దాచుకోవాలని, దానికి వేరే డబ్బులని, కొన్నేళ్లకు అది పాడైతే మళ్లీ కొత్తది కొనాలని, ఫ్యాన్లు కావాలంటే ఇంకా పలకలు పెరుగుతాయని వివరించాడు. ఒక్కో మాటకూ నా పెళ్లి ఒక్కో మెట్టు దిగిపోతోంది. "అంటే ఎండ ఫుకట్, పలక పిరం, ఎండను దాసే డబ్బా సచ్చిపోతది" అని బాపు నిట్టూర్చి, "సొట్టవడ్డ మాలున్నా జూపియ్యిండ్రి. బదలుకు పాత ఇత్తడి ఏసుకుంటరా?" అన్నాడు. ఆఫీసరు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు, జాలిగా చూశాడు.

ఇక బాపు ఆఖరి అస్త్రం తీశాడు. లేచి నిలబడ్డాడు. గిరాకీ దుకాణం మెట్టు దిగగానే సేటు వెనక్కి పిలవాలి, అది బజారు ధర్మం. బాపు ఆగుతూ ఆగుతూ వరండా దాటాడు, ధోవతి సర్దుకున్నాడు, మెట్లు దిగాడు, గేటు దగ్గర నిలబడ్డాడు. వెనక ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. "పోదాం బాపూ" అన్నాను. "ఆగురా, సోంచాయిస్తుండొచ్చు. గిప్పుడు పిలుస్తడు" అన్నాడు.

ఎవరూ పిలవలేదు.

పలకలు బుక్ చేశామని చెప్పి ముహూర్తం పెట్టించేద్దామంది అమ్మ. బాపు ఒక్కడే లాలాగూడ వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పొచ్చాడు. "చాయ్ పోసిండు. 'మాట మీద నిలబడనోల్లకు పిల్లనెట్లియ్యాలె, మీరే చెప్పుండ్రి' అన్నడు. నేనున్నా గంతే అంటుంటి" అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాలుకు సొట్ట ఉందని బాపు తనంతట తాను ఒప్పుకున్నది ఈ ఒక్క గిరాకీ దగ్గరే. కోపమొచ్చింది గానీ ఆయన ముఖం చూశాక అది నిలవలేదు. మిద్దెక్కి, పలకలు పెట్టాల్సిన చోట కూర్చుని ఏడ్చాను. ఎండ మాత్రం పుష్కలంగా ఉంది.

ఇప్పుడు అదే మిద్దె మీద పలకలున్నాయి. ధరలు దిగాయి, సర్కారు కొంత ఇచ్చింది, మిగతాది రిటైరైన డబ్బుల్లోంచి కట్టాను. బిగించేవాళ్లు వెళ్లిపోయాక నాకు ఖైరతాబాద్ నుంచి తిరిగొచ్చిన బస్సు గుర్తొచ్చింది. బాపు పక్కన కూర్చుని, నా జీతంలో నెలనెలా ఇంత దాస్తే పలక ఎప్పటికి కొనగలనో వేళ్ల మీద లెక్కేశాను. సరిగ్గా రిటైరయ్యే ఏటికి తేలింది. అప్పటి నేను వెర్రి పిల్లాణ్ణే గానీ, లెక్క తప్పలేదు. బస్సులో వేసుకున్న ఆ లెక్కలో నాకు జుట్టు నెరిసింది, బాపు ముసలివాడయ్యాడు. ఆ అమ్మాయి మాత్రం ట్రే పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, అలాగే నిలబడి ఉంది.