జిబెక్ చెవులకు బెగిమాయ్ కమ్మలు

తన నిశ్చితార్థం జరిగిపోయిన సంగతి ఆ శుక్రవారం మధ్యాహ్నం దాకా తెలియనిది ఒక్క బెగిమాయ్‌కే. కిర్గిజ్‌స్థాన్‌లో ఆమె సొంతూరు అట్‌బాషిలో అందరికీ తెలుసు. బిష్కెక్‌లో ఉన్న చుట్టాలకు తెలుసు. మాస్కో శివార్లలో ఆమెతో పాటు నేలమాళిగలో కూర్చుని కోట్లు కుట్టే పద్నాలుగు మంది కిర్గిజ్ ఆడవాళ్లలో సగం మందికి అప్పటికే తెలుసు. పక్క మిషను మీద పనిచేసే నూర్జాత్ భోజనాల వేళ వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఏమే, కమ్మలు పెట్టించేసుకుని మూతి బిగించుకుని కూర్చున్నావా? మాకు విందు ఎగ్గొడదామనే కదూ!"

"ఎవరికే కమ్మలు?"

"నీకేనే! ఇదిగో, మా పిన్ని పంపింది, చూసుకో."

ఫోన్లో కనిపిస్తున్నది బెగిమాయ్ వాళ్ల ఇల్లే. పెద్ద గదిలో తివాచీల మీద చుట్టాలు వరసగా కూర్చున్నారు. ఆమె మనసిచ్చిన తిలెక్ వాళ్లమ్మ సైరగుల్ ఎర్ర డబ్బా తెరిచి, బంగారు కమ్మలు రెండూ తీసి, జిబెక్ చెవులకు పెట్టింది. జిబెక్ అంటే బెగిమాయ్ చెల్లెలు. పదిహేడేళ్ల పిల్ల. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఒంటి మీద ఇంకా తెల్ల చొక్కానే ఉంది. "అక్క ఊళ్లో లేదుగా, ఇవాళ్టికి చెల్లి చెవులే అక్క చెవులు!" అని ఎవరో అరిస్తే గదంతా నవ్వింది. జిబెక్ కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ఆ తర్వాత పెదనాన్న నోట్లోకి గొర్రె తోక కొవ్వూ, కార్జం ముక్కా వెళ్లాయి. కమ్మలు పెట్టాక, అవి తిన్నాక ఇక మాట్లాడేందుకు ఏమీ ఉండదు. రెండు కుటుంబాలూ వియ్యాలవారే. నిశ్చితార్థానికి కావలసినవన్నీ అమర్చారు, పెళ్లికూతురిని తప్ప.

తిలెక్ గుమ్మం దగ్గర టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఫోను తన వైపు తిరగగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

బెగిమాయ్‌కు ఇరవై ఆరేళ్లు. తండ్రి పోయాక, ఆరేళ్ల కిందట మాస్కో వచ్చింది. మొదట దారాలు కత్తిరించింది, తర్వాత జేబులు కుట్టింది, తర్వాత కాలర్లు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకసారి కాలరు వంకరగా కుట్టిందని సూపర్‌వైజరు కోటు మొహాన కొడితే, కుట్లన్నీ ఊడదీసి గుడ్డను బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి చూపించింది. వంకర కుట్టులో లేదు, కత్తిరింపులో ఉంది. వేరే మనిషైతే తనను తప్పుపట్టినందుకు పగబట్టేదేమో గానీ, కటింగ్ చేసే ముసలావిడ రైసా ఆ రోజే ఆమెను పక్కన నిలబెట్టుకుని కత్తెర చేతికిచ్చింది. అప్పటి నుంచి పొద్దున కుట్టు, సాయంత్రం కటింగ్. ఏప్రిల్‌కు చేతికి పూర్తిగా పని వచ్చేస్తుంది. వచ్చాక సొంతూరికి దగ్గర పట్నమైన నరిన్‌లో ఒక గది తీసుకుని, సొంతంగా బోర్డు పెట్టుకోవాలని ఆమె ఆశ.

తిలెక్ ఆ కుట్టు కార్ఖానాలోనే ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవాడు. ఆమె కుట్టిన కోట్లు అతని చేతి మీదుగా వెళ్లేవి. మూడేళ్ల కిందట మాటలు కలిశాయి. ఏడాది తిరగకుండానే కాగితాల్లో ఏదో తేడా వచ్చి, అయిదేళ్లు రష్యాలో అడుగు పెట్టకూడదని అతన్ని వెనక్కి పంపేశారు. ఊళ్లో వ్యాను కొనుక్కుని అట్‌బాషికీ నరిన్‌కూ మధ్య మనుషుల్ని తిప్పుతున్నాడు. రోజూ ఆమె భోజనం వేళకు ఫోను చేసేవాడు. ఆమె ముద్ద నములుతూ మాట్లాడేది, అతను వ్యాను నిండేదాకా మాట్లాడేవాడు. ఎవరితోనూ గొంతు పెంచి ఎరగడు. అంత మెత్తని మనిషి దొరికాడని బెగిమాయ్ మురిసిపోయేది. ఆ మెత్తదనం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడు తోచలేదు.

"ఏప్రిల్లో నువ్వు రాగానే నేనే వచ్చి అడుగుతా. ముందు నిన్ను, ఆ తర్వాతే మీవాళ్లని" అని తిలెక్ ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆమె అడక్కుండానే చెప్పాడు. మిగతా ఆడపిల్లలకు వాళ్ల సంబంధాలు వంటింట్లో పళ్లేలు కడుగుతుంటే తెలిశాయి. తనను మాత్రం ఒక మనిషి ఎదురుగా నిలబడి అడుగుతాడన్న ఆ ఒక్క మాట మీద ఆమె రెండేళ్లు బతికింది. ఇప్పుడింకా డిసెంబరు.

తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదా?"

"అడిగితే వద్దంటావా ఏంటి? వాడి కోసమేగా వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టావు!"

"వద్దనను. అడగమంటున్నా."

"వింత మాటలు మాట్లాడకే. గొర్రెతో సహా దిగిపోయారు గుమ్మంలోకి. మీ పెదనాన్న సరేననేశాడు. నీకు ఫోన్ చేద్దామని లేచేలోపే జిబెక్‌ని కూర్చోబెట్టేశారు. నలభై రోజుల్లో వచ్చెయ్యమంటున్నారు. వచ్చి ఆ కమ్మలు నీ చెవులకి మార్చుకో. అప్పటిదాకా పిల్ల చెవుల నుంచి తియ్యకూడదంట, అరిష్టమంట."

తర్వాత తిలెక్‌కు చేసింది. వ్యాను హారన్లు వినిపిస్తున్నాయి.

"అమ్మ మాట తీసెయ్యలేకపోయా బెగిమాయ్. మాస్కోలో ఉన్న పిల్లని అలా వదిలేస్తే ఎలాగని వీధిలో అందరూ అంటుంటే ఆవిడకి నిద్ర పట్టట్లేదు."

"ఆవిడకి నిద్ర పట్టడానికి నా చెవులు కావాల్సొచ్చాయా? నా పని ఏప్రిల్ దాకా ఉందని నీకు తెలీదూ? చెప్పు ఆవిడకి."

"చెప్తాలే."

చెప్పలేదు. వారం తర్వాత సైరగుల్ తనే ఫోను చేసింది. గొంతులో తేనె ఒలికింది.

"టికెట్టు తీసుకున్నావా అమ్మాయ్?"

"ఏప్రిల్లో వస్తానత్తా. తిలెక్ చెప్పలేదా?"

"కత్తెర పట్టుకోవడం అక్కడే నేర్చుకోవాలా? మా ఇంట్లోనూ ఉంది కత్తెర, గొర్రెల బొచ్చు తియ్యడానికి."

"ఏప్రిల్లోనే వస్తానత్తా."

"నీ ఇష్టం తల్లీ. కమ్మలు ఎవరి చెవులకున్నాయో మాత్రం ఓసారి చూసుకో" అని పెట్టేసింది.

ఒట్టి బెదిరింపనుకుంది బెగిమాయ్. జనవరిలో ఒక పొద్దున జిబెక్ గొంతు వచ్చింది ఫోన్లో, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

"అక్కా, సైరగుల్ అత్త బడికొచ్చింది. గేటు దగ్గర అందరి ముందూ కొత్త కోడళ్లకి కప్పే తెల్ల రుమాలు నా నెత్తిన కప్పి, 'అక్క రాకపోతే పోనీలే, మా కమ్మలున్న పిల్లే మా పిల్ల' అంది. క్లాసులో అందరూ పెళ్లికూతురా, పెళ్లికూతురా అని పిలుస్తున్నారు. ఇంటికొచ్చి చెప్తే పెదనాన్న, 'పెట్టింది తిరగ్గొడితే మన పరువేం కావాలి' అన్నాడు. అమ్మ ఏం మాట్లాడట్లేదు. అక్కా, నాకు చెవులు చీము పడుతున్నాయి. తియ్యనివ్వట్లేదు."

బెగిమాయ్ మిషను ఆపేసింది. చెల్లెలు ఏడో క్లాసులో ఉండగా, లెక్క తప్పితే రాసిందంతా చెరిపేసి, వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేసేదట. పంతులమ్మ ఫోన్లో ఆ మాట చెబితే, ఈ పిల్లను ఎంత దూరమైనా చదివించాలని బెగిమాయ్ ఆ రోజే అనుకుంది. అలాంటి పిల్లను కమ్మలకు స్టాండు చేసి కూర్చోబెట్టారు. ఇప్పుడు స్టాండునే తీసుకెళ్లిపోతామంటున్నారు.

తిలెక్‌కు చేసింది. ఈసారి అరవలేదు.

"మీ అమ్మ అన్నది విన్నావా?"

"విన్నా."

"మరి నువ్వేమన్నావ్?"

"నేనేం అంటాను? ఆవిడ కోపంలో ఉంది. అయినా... నువ్వొచ్చేస్తే అసలు ఏ గొడవా ఉండదు కదా బెగిమాయ్."

అదీ మెత్తని మనిషి మాట! పదిహేడేళ్ల పిల్ల మెడకు తాడు బిగుస్తుంటే, తాడు రెండో కొస పట్టుకుని, నువ్వొస్తే వదిలేస్తానంటున్నాడు. అదీ గొంతు పెంచకుండానే. పైగా తను ఏ తప్పూ చేయలేదని అతని నమ్మకం. ఆ ఒక్కటే ఆమెకు అన్నిటికన్నా మండింది.

రైసా పది రోజులు సెలవిప్పించింది. "పదకొండో రోజుకి రాకపోతే నీ కత్తెర ఇంకొకరికిస్తా" అని కూడా చెప్పింది. బెగిమాయ్ విమానం దిగి, ఎదురొస్తానన్న తిలెక్‌ను వద్దని, వేరే కారులో మంచు కనుమ దాటి, రెండో రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. పిల్ల దారికొచ్చిందని అందరూ అనుకున్నారు. తల్లి బత్మా పొయ్యి మీద మాంసం పెట్టింది. సైరగుల్ కొత్త తెల్ల రుమాలు చంకలో పెట్టుకుని కొడుకుతో సహా వచ్చేసింది. పెదనాన్న గదిలో పెద్దలు కూర్చునే చోట కూర్చున్నాడు.

బెగిమాయ్ అందరికీ వంగి నమస్కరించింది. టీ తాగమన్నారు, తాగలేదు.

"జిబెక్, ఇలా రా. ఈ వెలుతుర్లో కూర్చో."

చెల్లెలి చెవుల తమ్మెలు వాచి, ఎర్రగా, ముట్టుకుంటే కాలుతున్నాయి. బెగిమాయ్ వేడినీళ్లలో గుడ్డ తడిపి, ఎండిన చీము మెల్లగా తుడిచి, కమ్మలు ఒకటొకటిగా తీసింది. జిబెక్ పళ్లు బిగపట్టింది గానీ అరవలేదు. వాటిని తన చెవులకు పెట్టుకుంటుందని గదంతా చూస్తోంది. బెగిమాయ్ అదే గుడ్డతో కమ్మల్ని తుడిచి, లేచి వెళ్లి, సైరగుల్ ముందు కాదు, తిలెక్ ముందు పెట్టింది.

"ఇవి నువ్వు తీసుకో."

సైరగుల్ మొహం ముడుచుకుపోయింది. "అమ్మాయ్, కమ్మలు తిరగ్గొడితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసత్తా. మీకు కోడలుండదు."

"చూశారా, మాస్కో నీళ్లు బాగా ఒంటబట్టాయి దీనికి!"

"పచ్చి పుండు చెవులతో బడికెళ్లింది మా పిల్ల. మీరేమో అదే బడి గేటు దగ్గర దాని నెత్తిన రుమాలు కప్పారు. ఆ ధైర్యం మీకు ఏ నీళ్లు తాగితే వచ్చింది?"

పెదనాన్న అరిచాడు. "నోర్ముయ్! నేను నోట్లో పెట్టుకున్నానే ఆ కార్జం! పెద్దవాడి నోటికి విలువ లేదా?"

"తిన్నది నువ్వు పెదనాన్నా. కావాలంటే కాపురానికి నువ్వే వెళ్లు."

మూల కూర్చున్న ముసలావిడెవరో ఫక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకుంది. ఆ తర్వాత పెద్ద రభసే అయింది. ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పడం అనవసరం. సైరగుల్ రుమాలు మళ్లీ చంకలో పెట్టుకుని, ఈ ఇంటి గడప తొక్కనని మూడుసార్లు అని, మూడోసారి నిజంగానే బయటికి నడిచింది. పెదనాన్న ఆమె వెనకాలే బతిమాలుతూ వెళ్లాడు. తల్లి కళ్లొత్తుకుంటూ మాంసం పొయ్యి మీది నుంచి దించింది.

బెగిమాయ్ చెల్లెలి చెవులకు మందు రాస్తుంటే గుమ్మం దగ్గర తిలెక్ పిలిచాడు. ఆమె బయటికి వెళ్లింది. మంచులో వ్యాను ఇంజను ఆడుతూనే ఉంది. లోపల సైరగుల్ అద్దంలోంచి ఇటే చూస్తోంది. తిలెక్ వ్యానుకు వీపు పెట్టి, ఆమెకు బాగా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లున్నాయి. పిడికిట్లో కమ్మలున్నాయి.

"బెగిమాయ్, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అన్నాడు, గుసగుసగా.

రెండేళ్లు ఎదురుచూసిన మాట. అది వినగానే ఆమె గుండె ఒక్కసారి ఎగిరిన మాట నిజం. ఇంతా జరిగాక కూడా ఎగిరినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"గట్టిగా అడుగు."

"ఆఁ?"

"గట్టిగా అడుగు తిలెక్. మీ అమ్మకి వినపడేలా అడుగు. ఏప్రిల్ దాకా ఆగుతానని, జిబెక్ జోలికి ఎవరూ రాకూడదని కూడా చెప్పు. చెప్తే ఆ కమ్మలు ఇప్పుడే, ఇక్కడే పెట్టించుకుంటా."

అతను ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు. వెనక్కి తిరిగి వ్యాను వైపు చూశాడు. నోరు కూడా తెరిచాడు. లోపలి నుంచి సైరగుల్ చెయ్యి చాపి ఒక్కసారి హారన్ కొట్టింది.

తిలెక్ నోరు మూసుకున్నాడు. "తర్వాత ఫోన్ చేస్తా" అని మెల్లగా అని, వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

బెగిమాయ్ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. జిబెక్ మందు సీసా చేత్తో పట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"ఏమన్నాడక్కా?"

"ఏమీ అన్లేదు. రెండో చెవి ఇటు తిప్పు."